బావగారు చెప్పమన్న మాట

మాటలు మోయడం కూడా పనే. బస్తాలు మోసేవాడికి సాయంత్రానికి నడుం పట్టేస్తుందని అందరికీ తెలుసు. మాటలు మోసే మనిషికి ఏ నొప్పీ ఉండదనుకుంటారు. నేను తొమ్మిదేళ్లు మోశాను. ముందు గదిలోంచి వెనక గదిలోకి, మధ్యలో ఒక అద్దాల తలుపు, మొత్తం కలిపి పది పన్నెండు అడుగుల దూరం. ముందు గదిలో మా బావగారు, వెనక గదిలో మా ఆయన. ఒక తల్లి కడుపున పుట్టినవాళ్లు, ఒకే పని మీద బతికేవాళ్లు, ఒకరితో ఒకరు మాట్లాడుకోని వాళ్లు.

మాది కట్టుడు పళ్లు చేసే వర్క్‌షాపు. పళ్ల డాక్టర్లు రోగుల నోట్లో తీసిన అచ్చులు మాకు పంపిస్తారు. బావగారు అందులో ప్లాస్టర్ పోసి దవడ నమూనా తీస్తారు. ఆ నమూనాను నోరులా తెరుచుకుని మూసుకునే ఇత్తడి చట్రంలో బిగించి, మైనం మీద ఒక్కొక్క పన్నే పేరుస్తారు. అక్కణ్ణుంచి అది మా ఆయన బల్ల మీదికి వస్తుంది. మైనం కరిగించి, గులాబీరంగు చిగుళ్లు పోసి, అరగదీసి, పాలిష్ పట్టి, తడి దూదిలో పెట్టి డబ్బా మూసేది ఆయన. మా ఇద్దరి కాపురం వర్క్‌షాపు వెనకున్న రెండు గదుల్లో. పెళ్లి చేసుకోని బావగారు మేడ మీద గదిలో ఉండేవారు. మాకు పిల్లలు లేరు కాబట్టి ఆ ఇంట్లో నోళ్లు మూడే.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో అన్నదమ్ముల కబుర్లకు అంతూ పొంతూ ఉండేది కాదు. పొద్దున బల్లల ముందు కూర్చున్నప్పుడు మొదలుపెడితే రాత్రి భోజనాల దాకా. ఏ డాక్టరు ఎలా నడుస్తాడో, ఏ రోగి పళ్లు పెట్టుకుని అద్దంలో చూసుకుని ఎలా జడుసుకున్నాడో చెప్పుకుని పగలబడి నవ్వేవాళ్లు. నేను వడ్డించి నిలబడేదాన్ని. "ఏమండీ, రేపు మా అమ్మ వస్తానంది" అంటే "ఊఁ" అని మళ్లీ అన్నగారి వైపు తిరిగేవాడు. ఆ పిల్లకు నోట్లో నాలుక లేదని చుట్టాలు మెచ్చుకునేవాళ్లు. నాలుక నిక్షేపంలా ఉంది. వినేవాడే లేడు. ఆ నవ్వులు వింటూ గిన్నెలు తోముతుంటే నాకు కడుపు మండిపోయేది. ఆ మాట ఒప్పుకోవడానికి నాకిప్పుడు సిగ్గేమీ లేదు.

వాళ్లు విడిపోయింది ఒక మధ్యాహ్నం, ఒక్క మాట మీద. మాకు అందరికన్నా ఎక్కువ పని ఇచ్చే పెద్ద డాక్టరు స్వయంగా ఒక పళ్ల సెట్టు పట్టుకుని వచ్చాడు. రోగి నోరు మూస్తే ఎడమ పక్క పళ్లు కలవడం లేదని, నమిలితే టకటకమని చప్పుడొస్తోందని చెప్పాడు. పక్కన ఇంకో ఇద్దరు డాక్టర్ల మనుషులున్నారు. బావగారు సెట్టును వెలుతురుకు పెట్టి చూశారు.

"నేను పేర్చినప్పుడు బాగానే ఉన్నాయండీ. మావాడికి చేతిలో ఓపిక తక్కువ. అరగదీసేటప్పుడు చెడగొట్టి ఉంటాడు" అన్నారు.

మా ఆయన అక్కడే ఉన్నాడు. ఏప్రాన్ విప్పి మేకుకు తగిలించి, చేతులు కడుక్కుని బయటికి వెళ్లిపోయాడు. సాయంత్రం దాకా రాలేదు. మర్నాడు పొద్దున ఇద్దరూ బల్లల ముందు కూర్చున్నారు. కాసేపటికి బావగారు తల ఎత్తకుండా "అమ్మాయ్, నిన్నటి సెట్టు అయిందేమో వాణ్ణి అడుగు" అన్నారు. ఆ 'వాడు' రెండు గజాల దూరంలోనే ఉన్నాడు. "అయిందని చెప్పు" అన్నాడు మా ఆయన, నాతోనే. చేతిలో చీపురుతో నిలబడి, ఇటో సారి అటో సారి చూసి, "అయిందట బావగారూ" అన్నాను. అది నా ఉద్యోగంలో మొదటి రోజు.

మొదట్లో నవ్వొచ్చేది. ఇద్దరికీ ఇద్దరి మాటా వినపడుతుంది, అయినా నేను మళ్లీ చెబితే గానీ విననట్టే లెక్క. ఒకసారి నేను వంటింట్లో ఉండగా మా ఆయన వెనకున్న మైనం గిన్నెకు మంట అంటుకుంది. బావగారు చూసి "అమ్మాయ్! వాడి వెనక గిన్నె అంటుకుందని చెప్పు!" అని గావుకేక పెట్టారు. నేను పరిగెత్తుకుంటూ వచ్చి "ఏమండీ, మీ వెనక గిన్నె అంటుకుందట" అన్నాకే మా ఆయన వెనక్కి తిరిగాడు. అప్పటికే చొక్కా చేయి మాడింది. పౌరుషం అంటే అదీ! నేను నీళ్లు చల్లుతూ నవ్వు ఆపుకోలేక చచ్చాను.

ఆ తర్వాత పాలిష్ మిషను రొదకు, దుమ్ముకు మధ్యలో అద్దాల తలుపు పెట్టించారు. తలుపు మూస్తే అటు మాట ఇటు వినపడదు. ఆ రోజు నుంచి మాటలు నిజంగా నా చేతిలోకి వచ్చాయి.

నేను వాటిని మెత్తబరిచి చేరవేసేదాన్ని. "కింది పన్ను వంకర పోయింది, వాడికి కళ్లు నెత్తికెక్కాయా?" అని బావగారంటే, "కింది పన్ను ఒకసారి చూడమన్నారండీ" అని లోపల చెప్పేదాన్ని. "ముందాయన కళ్లజోడు మార్చుకోమను" అని మా ఆయనంటే, "చూస్తానన్నారు బావగారూ" అని ఇవతల చెప్పేదాన్ని. పని సాఫీగా సాగేది. పెద్ద డాక్టరు ఒకసారి మా ముందు గదిలో కూర్చుని ఇదంతా చూసి తెగ ముచ్చటపడ్డాడు.

"మా ఆసుపత్రిలో రిసెప్షన్ అమ్మాయి దగ్గర్నుంచి నర్సుల దాకా ఎవరికీ మాట్లాడటం రాదమ్మా. మీరొక రోజొచ్చి మావాళ్లకి క్లాసు చెప్పాలి" అన్నాడు.

నేను ఆ మాట వారం రోజులు నెమరేసుకున్నాను. చుట్టాల్లో కూడా నా పేరు మారిపోయింది. ఆ ఇల్లు నిలబడిందంటే ఆవిడ ఓర్పు వల్లేనట, ఇద్దరికీ తలలో నాలుకలా ఉంటుందట. నోట్లో నాలుక లేని పిల్ల ఎక్కడికి పోయిందో ఎవరూ అడగలేదు.

అంతకన్నా పెద్ద సంగతి ఇంట్లో జరిగింది. అన్నగారితో కబుర్లు ఆగిపోయాయి కదా, ఆ కబుర్లన్నీ ఎక్కడికి పోతాయి? నా దగ్గరికి వచ్చాయి. సాయంత్రం పని ముగించి వంటింటి గడప మీద కూర్చుని మా ఆయన నాతో మాట్లాడటం మొదలుపెట్టాడు. ఏ డాక్టరు ఎలా నడుస్తాడో లేచి నడిచి చూపించేవాడు. నన్ను నవ్వించి, నేను నవ్వుతుంటే చూసేవాడు. "నీకేమనిపిస్తోంది?" అని అడిగేవాడు. పెళ్లయిన ఆరేళ్లకు నాకు మొగుడు దొరికాడు. వాళ్లిద్దరి మౌనం మీద నా కాపురం నిలబడింది. ఆ సంవత్సరం నేను సంతోషంగా ఉన్నంతగా మళ్లీ ఎప్పుడూ లేను.

రెండో ఏడు బావగారు పాత నమూనాలున్న అల్మరా సర్దుకుంటూ నన్ను పిలిచారు. ఆయన చేతిలో ఒక ప్లాస్టర్ దవడ ఉంది, ఆ రోజు గొడవ తెచ్చిన రోగిదే. దాన్ని తిరగేసి అడుగున చూపించారు. ఆవగింజంత ప్లాస్టర్ బొడిపె. ఆ బొడిపె వల్ల నమూనా చట్రంలో ఒక పక్కకు ఒరిగి కూర్చుంది, దాని మీద పేర్చిన పళ్లన్నీ ఒరిగాయి. మా ఆయన చేతి ఓపికకు, దానికి ఏ సంబంధమూ లేదు. బావగారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. తప్పు తనదేనని తమ్ముడితో చెప్పమన్నారు. పెద్ద డాక్టరు దగ్గరికి కూడా తనే వెళ్లి ఒప్పుకుంటానని చెప్పమన్నారు.

నేను అద్దాల తలుపు తీసుకుని లోపలికి వెళ్లాను. మా ఆయన నన్ను చూసి మిషను ఆపి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని నవ్వాడు.

"ఏంటి సంగతి?" అన్నాడు.

ఆ నవ్వు నాది. రెండేళ్ల కిందటి దాకా అది పక్క గదిలో మనిషిది. నేను ఈ మాట చెబితే రేపు పొద్దుటికి మళ్లీ ఆయనకే పోతుంది.

"రేపటికి మూడు సెట్లు కావాలట" అన్నాను.

ఇవతలికి తిరిగి వచ్చాక ఏదో ఒక జవాబు ఇవ్వాలి కదా. బావగారు ఆ దవడ రెండు చేతుల్లో పట్టుకుని అలాగే నిలబడి ఉన్నారు. "ఇప్పుడా గుర్తొచ్చింది అన్నారు బావగారూ" అన్నాను. ఆయన దవడ మీది దుమ్ము తుడిచి మళ్లీ అల్మరాలో పెట్టేశారు. నాకు ఒక పక్క భయం వేసింది, ఒక పక్క హాయిగా ఉంది. హాయే ఎక్కువ.

ఒకసారి చేయి తిరిగాక ఇక కష్టం ఏముంది? మా ఆయన పంపిన ఒక సెట్టు చూసి "మా నాన్న చేతిలో కూడా ఇంత పని లేదని వాడితో చెప్పు" అన్నారు బావగారు. నేను చెప్పలేదు. "మెట్ల మీద ఆయన కాలు తడబడుతోంది, కమ్మీ పట్టుకుని దిగమను" అన్నాడు మా ఆయన. అదీ చెప్పలేదు. మా ఆయనకు జ్వరం వచ్చి నాలుగు రోజులు పడుకుంటే బావగారు పూటపూటా అడిగేవారు. ఒక్క పూట కూడా ఆ మాట ఆయన చెవిన వేయలేదు. పైగా "మీ అన్నయ్య సెట్లు ఆలస్యమవుతున్నాయని విసుక్కుంటున్నారు" అని ఒక చిటికెడు నేనే వేశాను. ఆ పూట మా ఆయన నా చేయి పట్టుకుని "ఈ ఇంట్లో నాకున్నది నువ్వే" అన్నాడు. ఆ మాట కోసం నేను ఇంకా ఎన్నిసార్లైనా అలా చిటికెడు వేసేదాన్ని, వేశాను కూడా.

ఈ ఏడు మొదట్లో బావగారి గొంతు బొంగురు పోయింది. ప్లాస్టర్ దుమ్మనుకున్నాం. మూడు నెలలకు గరగరలాడటం మొదలైంది. ఆసుపత్రికి తోడు వెళ్లింది నేనే. గొంతు డాక్టరు సినిమా పోస్టర్ అంత ఫిల్ము వెలుతురుకు పెట్టి, స్వరపేటిక మొత్తం తీసేయాలని చెప్పాడు. మెడ దగ్గర రంధ్రం పెడతారు, ఊపిరి అందులోంచి. ప్రాణానికి ఢోకా లేదు. మాట మాత్రం ఉండదు.

"గుసగుసగా అయినా?" అని బావగారు అడిగారు.

"ఉండదండీ" అన్నాడు డాక్టరు.

అది మంగళవారం. ఆపరేషన్ సోమవారం. బస్సులో వస్తున్నంతసేపూ బావగారు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. మర్నాడు పొద్దున టీ పట్టుకుని మేడ మీదికి వెళితే నన్ను కూర్చోమన్నారు. తొమ్మిదేళ్లలో ఆయన నన్ను కూర్చోమనడం అదే మొదలు. మంచం అంచున కూర్చున్నాను.

ఆయన చాలాసేపు మాట్లాడారు. మధ్యలో రెండుసార్లు ఆగి నీళ్లు తాగారు. సోమవారంలోగా తమ్ముణ్ణి ఒక్కసారి పైకి రమ్మనమని, వాడితో చెప్పాల్సింది ఒకటుందని, అది తన గొంతుతోనే చెప్పాలని, సారాంశం అది. చిన్నప్పటిదేదో కూడా చెప్పారు, నవ్వారు, దగ్గొచ్చింది. నేను తల ఊపుతున్నాను గానీ నా బుర్ర అప్పటికే తన పని మొదలుపెట్టేసింది. ఇందులో ఎంత దింపాలి, ఎంత ఆపాలి?

"నేనే కిందికొచ్చి పిలుస్తాను గానీ, వాడు ముఖం తిప్పుకుంటే తట్టుకోలేనమ్మా. బొడిపె సంగతి చెప్పి పంపిన రోజు ఏమన్నాడో నువ్వే చెప్పావుగా. ముందు నువ్వు అడుగు. వస్తానంటేనే" అన్నారు చివర్లో.

"అలాగే బావగారూ" అన్నాను.

మెట్లు దిగుతూ ఆలోచించాను. వీళ్లిద్దరూ ఎదురెదురుగా ఒక్క గంట కూర్చుంటే చాలు. "ఆ రోజు బొడిపె సంగతి చెప్పి పంపాను కదరా" అంటారు బావగారు. "ఏ బొడిపె?" అంటాడు మా ఆయన. అక్కడితో నా తొమ్మిదేళ్లూ కుప్పకూలతాయి. ఒకవేళ కూలకపోయినా, ఆ తర్వాత అన్నదమ్ములు కబుర్లలో పడతారు, నేను మళ్లీ వడ్డించి నిలబడాలి. ఒక మనిషి గొంతు పోతోందన్న సంగతి నా లెక్కలో అన్నిటికన్నా వెనక ఉంది. ఉందని చెబుతున్నాను, లేదనడం లేదు.

మా ఆయన మిషను దగ్గర టీ తాగుతున్నాడు.

"బావగారికి గొంతులో చిన్న గడ్డట. సోమవారం తీసేస్తారట. నన్ను తోడు రమ్మన్నారు. ఇంకెవరూ రావొద్దన్నారు" అన్నాను.

"నన్ను కూడానా?" అన్నాడు.

"ముఖ్యంగా మిమ్మల్ని" అన్నాను.

ఆ మాట అవసరం లేదు. అంతకు ముందు మాటే సరిపోయేది. అలవాటు కొద్దీ వచ్చేసింది. ఆయన గ్లాసు కింద పెట్టి మిషను ఆన్ చేశాడు. చేతిలో ఉన్న సెట్టును చక్రానికి ఎంతసేపు ఒత్తి పట్టాడంటే, చిగురు మొత్తం అరిగిపోయి రంధ్రం పడింది. దాన్ని మళ్లీ మొదటినుంచి చేయాల్సొచ్చింది.

మేడ మీదికి వెళ్లి "పనుందట బావగారూ, తర్వాత చూద్దామన్నారు" అని చెప్పాను.

"తర్వాత నా దగ్గరేముంటుందమ్మా?" అన్నారాయన.

నేను దుప్పటి సర్ది ఖాళీ గ్లాసు పట్టుకుని వచ్చేశాను.

గురువారం, శుక్రవారం బావగారు కిందికి వచ్చి బల్ల ముందు కూర్చున్నారు గానీ పని ముట్టుకోలేదు. అద్దంలోంచి తమ్ముడి వీపు చూస్తూ కూర్చున్నారు. శుక్రవారం మధ్యాహ్నం లేచి తలుపు దాకా వెళ్లారు. పిడి మీద చేయి వేశారు. లోపల మా ఆయన వంగి పాలిష్ పడుతున్నాడు, చూడలేదు. నేను వంటింటి గడపలోంచి చూశాను.

"బావగారూ, మందు వేళయింది" అని పిలిచాను.

ఆయన దొంగతనం చేస్తూ దొరికినవాడిలా చేయి వెనక్కి తీసుకున్నారు. వచ్చి మందు వేసుకున్నారు. ఇంకో పది నిమిషాలు ఆలస్యంగా వేసుకున్నా ఏమీ కాని మందు అది.

సోమవారం కాగితాల మీద సంతకం నేనే పెట్టాను. 'రోగికి ఏమవుతారు?' అన్నచోట మరదలు అని రాశాను. సాయంత్రం స్పృహ వచ్చాక ఆయన పెదవులు కదిపారు. మెడ దగ్గర గొట్టంలో గాలి బుస్సుమంది, ఇంకేమీ రాలేదు. నర్సు ఒక రాతపుస్తకం, పెన్ను ఇచ్చింది. వణికే అక్షరాలతో ఆయన రాసిన మొదటి మాట "వాడు వచ్చాడా?" అని.

"వస్తారు బావగారూ" అన్నాను.

మర్నాడు అదే రాశారు. ఆ మర్నాడూ అదే. నేను అదే జవాబు చెప్పాను. ఇంట్లో మా ఆయన అడిగితే "బాగానే ఉన్నారు, పడుకునే ఉంటున్నారు" అన్నాను. మనిషి రాయగలడన్న సంగతి నేను ముందుగా ఆలోచించలేదు. తొమ్మిదేళ్లుగా ఆ ఇంట్లో మాటంటే నా నోరే కాబట్టి, ఆయన గొంతు పోతే అంతా పోయినట్టే అనుకున్నాను. తెలివైనదాన్ని కదా మరి.

శుక్రవారం నేను బట్టలు తేవడానికి ఇంటికి బయల్దేరాను. నేను దారిలో ఉండగానే నర్సు వర్క్‌షాపుకు ఫోన్ చేసింది. ఎప్పుడూ ఫోన్ ఎత్తేది నేనే. ఆ రోజు మా ఆయన ఎత్తాడు. "పేషెంటు తమ్ముడెవరండీ? రోజూ తమ్ముడొచ్చాడా అని రాస్తున్నారు, ఒక్కసారి రారాదూ?" అందట ఆవిడ. పక్కన నేను లేకుండా ఆ ఇంట్లోకి వచ్చిన మొదటి మాట అదే. ఇంటికి వెళితే మిషను ఆగి ఉంది, తలుపు బార్లా తీసి ఉంది. నేను బట్టల సంచి కూడా తీసుకోకుండా వెనక్కి పరిగెత్తాను.

వార్డులో మా ఆయన మంచం పక్క స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఏప్రాన్ కూడా విప్పలేదు, మోచేతుల దాకా గులాబీరంగు పొడి. బావగారు దిండుకు ఆనుకుని రాస్తున్నారు. రాసి తిప్పి చూపిస్తున్నారు. మా ఆయన చదివి నోటితో జవాబు చెబుతున్నాడు. నేను తలుపు దగ్గరే ఆగిపోయాను. నాకు పుస్తకం కనపడటం లేదు, మా ఆయన మాటలు మాత్రం వినపడుతున్నాయి.

"లేదన్నయ్యా. నాకు చెప్పలేదు."

బావగారు ఆయన్నే చూసి మళ్లీ రాశారు.

"ఎప్పుడు? నాకు జ్వరం వచ్చినప్పుడా? లేదు. నువ్వు విసుక్కున్నావని చెప్పింది."

పేజీ తిప్పిన చప్పుడు.

"ఏ బొడిపె?"

బావగారు ఈసారి చాలాసేపు రాశారు. బొమ్మ కూడా గీశారు, పెన్ను గుండ్రంగా తిరగడం చూశాను. మా ఆయన పుస్తకం చేతుల్లోకి తీసుకుని చదివాడు. మళ్లీ చదివాడు. చదివినకొద్దీ ఆయన మెడ ముందుకు వాలిపోయింది.

"లేదన్నయ్యా" అన్నాడు. "అదీ చెప్పలేదు."

ఎన్ని 'చెప్పలేదు'లు విన్నానో నాకు గుర్తు లేదు. కొన్ని నేనే మర్చిపోయినవి. ఒక్కొక్కటి ఆయన గొంతులో అంతకంతకు నెమ్మదిగా వచ్చింది. నేను తలుపు పట్టుకున్నాను. అది కిర్రుమంది. ఇద్దరూ తల తిప్పి చూశారు.

మా ఆయన లేచి అరుస్తాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. కూర్చున్నచోటే కూర్చుని, "ఇలా రా" అన్నాడు. వెళ్లి మంచం కాళ్ల వైపు నిలబడ్డాను.

"పోయిన బుధవారం అన్నయ్య నిన్ను పైన కూర్చోబెట్టి నాకో మాట చెప్పమన్నాడట. ఏం చెప్పమన్నాడు?"

నేను నోరు తెరిచేలోగా బావగారు పెన్ను అందుకున్నారు. మా ఆయన ఆ పెన్నును మెల్లిగా ఆయన వేళ్లలోంచి తీసి జేబులో పెట్టుకున్నాడు.

"నువ్వు రాయొద్దన్నయ్యా. నీ గొంతుతో అన్న మాట విన్నది ఈ లోకంలో ఇదొక్కతే. ఇదే చెబుతుంది" అన్నాడు. నావైపు తిరిగి, "సంగతి కాదు. ఆయన ఎలా అన్నాడో అలా, ఆ మాటల్లోనే చెప్పు. తప్పయితే ఆయన తల అడ్డంగా ఊపుతాడు" అన్నాడు.

"తమ్ముణ్ణి ఒకసారి రమ్మను..." అని మొదలుపెట్టాను.

బావగారు తల అడ్డంగా ఊపారు. ఆయన ఎప్పుడూ తమ్ముణ్ణి అనరు, వాణ్ణి అంటారు. ఆ మాత్రం కూడా నాకు తట్టలేదు.

"వాణ్ణి సోమవారంలోగా పైకి రమ్మను, వాడితో చెప్పాల్సింది ఒకటుంది, అది నా గొంతుతోనే..."

తల అడ్డంగా ఊగింది. ఆ కళ్లలో కోపం లేదు. కోపం ఉంటే నాకు తేలికయ్యేది. ఆయన నా నోటివైపు ఆశగా చూస్తున్నారు. తన గొంతు చివరిసారి మోసిన మాట నా తలలో ఎక్కడో ఉంటుందని, నేను వెతికి తీసి తమ్ముడికి ఇస్తానని ఆయన నమ్ముతున్నారు. మా ఆయన కళ్లు మూసుకున్నాడు, వినడానికి.

చిన్నప్పటిదేదో చెప్పారు ఆయన. ఏం చెప్పారు? చెరువా? సైకిలా? నవ్వారు, దగ్గారు. ఆ నవ్వు కనపడుతోంది, దగ్గు వినపడుతోంది. మాట లేదు. ఆయన చెబుతున్నంతసేపూ నేను అందులో ఏం ఆపాలో చూసుకుంటూ కూర్చున్నాను.

"చిన్నప్పుడు మీరిద్దరూ సైకిల్ మీద..." అన్నాను.

బావగారు తల ఊపలేదు. నన్ను చూడటం మానేసి గోడవైపు తిరిగారు. గొట్టంలో గాలి బుస్సుమని ఆగి, మళ్లీ బుస్సుమంది. ఆయన భుజాలు కదులుతున్నాయి. ఏడిస్తే చప్పుడు రాదని ఆయనకు అప్పటికింకా అలవాటు కాలేదనుకుంటాను, చేత్తో నోరు మూసుకున్నారు.

మా ఆయన కళ్లు తెరవలేదు.

"అది కాదు. మళ్లీ చెప్పు" అన్నాడు.

"నాకు గుర్తు లేదండీ" అన్నాను.

"మళ్లీ చెప్పు" అన్నాడు.

నేను మొదటినుంచి మొదలుపెట్టాను.